పత్తి మంచు ఇక చాలు, ఒకసారి మా వీధికి రండి

తెలుగు వినోద చానళ్లలో పండగ కార్యక్రమాలు నిర్ణయించే పెద్దలకు, దూరదర్శన్ సప్తగిరి అధికారులకు,

నమస్కారం.

నేను విశాఖపట్నం జ్ఞానాపురంలో ఉంటాను. స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. మొన్నమొన్నటిదాకా క్రిస్మస్ రోజు టీవీలో ఏమొస్తుందో నాకు తెలిసేది కాదు. ఇరవై నాలుగో తేదీ చర్చిలో నడిరాత్రి పూజ నుంచి వచ్చి పడుకునేసరికి రెండున్నర. తెల్లారితే వంట, వచ్చేపోయే జనం, ఇరుగుపొరుగు ఇళ్లకి పంపాల్సిన పళ్లేలు. హాల్లో టీవీ ఎవరో పెట్టేవారు, ఎవరో కట్టేసేవారు.

రెండేళ్ల కిందట మా అమ్మ బాత్రూములో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ, ఎనభై దాటిన మనిషి, మళ్లీ మెట్లు దిగలేదు. అప్పటినుంచి ఆవిడ క్రిస్మస్ అంతా ఆ గదిలోనే. మంచం, కిటికీ, ఎదురుగా టీవీ. ఆవిడకి తోడుగా కూర్చుని రెండు పండగలు పొద్దుటినుంచి రాత్రిదాకా మీ చానళ్లు చూశాను. అందుకే ఈ ఉత్తరం.

పోయిన క్రిస్మస్ సంగతి చెబుతాను. ఏ చానలో చెప్పను. చెప్పక్కర్లేదు కూడా, రిమోట్ నొక్కితే పక్కదాంట్లోనూ అదే వస్తోంది.

పొద్దున్నే డబ్బు కట్టి టైము కొనుక్కున్నవాళ్ల ప్రసంగాలు. వాటి జోలికి పోను, అది వేరే గొడవ. తొమ్మిదిన్నరకి ‘క్రిస్మస్ స్పెషల్’ మొదలైంది. పెద్ద సెట్టు, నేలంతా పత్తి, ప్లాస్టిక్ చెట్టు. యాంకరుకీ, సోఫాల్లో ఉన్నవాళ్లకీ, వెనకాల చప్పట్లు కొట్టడానికి కూర్చోబెట్టిన జనానికీ ఎర్ర టోపీలు. త్వరలో విడుదలయ్యే ఒక సినిమా హీరో, హీరోయిన్ వచ్చారు. బెలూన్లు పగలగొట్టారు. కళ్లకి గంతలు కట్టుకుని ఒకరికొకరు కేకు తినిపించుకున్నారు. ఆ సినిమా పాటకి స్టెప్పులేశారు. వినాయక చవితికి ఇవే ఆటలు ఆడించారు, దీపావళికీ ఇవే ఆడించారు. మారినవి టోపీలే. ‘మెర్రీ క్రిస్మస్’ అని ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టాను, ఏడు. బాలయేసు ఊసు మాత్రం ఒక్కసారీ రాలేదు.

గంటన్నర చూశాక అమ్మ నావైపు తిరిగి, "ఒలే, ఇది ఏ పండగదే?" అంది.

నేను జవాబు చెప్పేలోపు మా అన్నయ్య మనవడు అందుకున్నాడు. వాడికి ఆరేళ్లు. "మనింటి మీద మంచెందుకు పడదు?" అని వాడి గొడవ వాడిది. ఏం చెప్పను? విశాఖలో డిసెంబరంటే తెల్లవారుజామున ఓ రెండు గంటలు స్వెట్టరు, ఆ తర్వాత సముద్రం గాలి, మధ్యాహ్నానికి ఫ్యాను. మా పండగ ఇలాగే ఉంటుంది. పోనీ మీకు చలి లేకపోతే క్రిస్మస్ అనిపించదు అనుకుందాం. మన మన్యంలోనే చింతపల్లి దగ్గర లంబసింగి ఉంది. డిసెంబరులో పొద్దున్నే పక్కనున్న మనిషి కనపడనంత పొగమంచు. జనం బస్సులు కట్టుకుని మరీ వెళ్తున్నారు. పత్తి కొనే డబ్బుతో మీ యూనిట్‌కి టిఫిన్లు కూడా వస్తాయి.

మధ్యాహ్నం కామెడీ. ఒకతను పాస్టర్ వేషం వేసుకున్నాడు. మెడలో కండువా, చేతిలో మైకు, మాటకి ముందొక ‘హల్లెలూయా’, తర్వాత ఒక ఊపు. అది చాలదన్నట్టు మాట్లాడిన తెలుగంతా మా శ్రీకాకుళం యాస. ఎక్కడా ఒక్క జోకు లేదు. ఆ యాసా, ఆ ఊపే జోకు. ఉత్తరాంధ్ర మాట వినపడితే నవ్వాలని మీ స్కిట్లు రాసేవాళ్లు ఎప్పుడో తీర్మానించుకున్నారు, అది మాకు అలవాటైపోయింది. పండగపూట దానికి ప్రార్థనని కూడా జతచేశారు. మా అమ్మ పుట్టింది శ్రీకాకుళం వైపు. ఆవిడ మాట్లాడేది ఆ యాసే, ఆవిడ ప్రార్థన చేసుకునేది ఆ యాసలోనే. ఆ స్కిట్ నడుస్తున్నంతసేపూ నాకు ఆవిడ ముఖం చూడాలంటే టెన్షన్.

అలాగని మేం నవ్వడం చేతకాని వాళ్లం అనుకోకండి. మా చర్చి కుర్రాళ్లు ఏటా పండగకి ముందు జరుపుకునే సెమీ క్రిస్మస్‌కి నాటిక వేస్తారు. ప్రార్థన ‘క్లుప్తంగా’ చేస్తానని లేచి అరగంట సాగదీసే పెద్దమనిషి, క్యారల్స్‌కి వచ్చి పాట కంటే జీడిపప్పు ప్లేటు మీద ఎక్కువ ధ్యాస పెట్టే గాయకుడు, బాలయేసుని చూడవచ్చిన ముగ్గురు జ్ఞానుల్లో ఒకడి వేషం ఇవ్వలేదని అలిగి గొర్రె వేషం వేసిన కుర్రాడు. ముందు వరసలో కూర్చున్న ఫాదర్ గారే కళ్లు తుడుచుకుంటూ నవ్వుతారు. ఆ నాటికలు రాసే పిల్లలకి మనుషులు తెలుసు. మీ స్కిట్ రాసినతను ఒక్క ఆదివారమైనా ఏదో ఒక చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని ఉంటే ఎంత మెటీరియల్ దొరికేదో!

ఇక సాయంత్రం సినిమా. అదేమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. విజయచందర్ గారు యేసుగా నటించిన ‘కరుణామయుడు’, 1978 నాటిది. ఆ సినిమా అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. ఊరూరా తెర కట్టి చూపించిన సినిమా అది. మా నాన్నగారు మమ్మల్ని సైకిలు మీద తీసుకెళ్లి చూపించారు. నా తగువు సినిమాతో కాదు. ఆ సినిమా మనల్ని తీసుకెళ్లేది సిలువ దగ్గరికి. కొరడాలు, మేకులు, నెత్తురు. అది మాకు ఈస్టరు ముందు శ్రమల కాలంలో చూసే కథ, మంచి శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు ఏడవాల్సిన కథ. పుట్టినరోజు నాడు ఇంట్లో చావు కబురు చెప్పుకుంటామా? క్యాలెండర్‌లో క్రైస్తవుల సెలవు కనపడగానే లైబ్రరీలోంచి అదే తీస్తున్నారు, అది ఏ సెలవో చూడటం లేదు. పైగా ప్రకటనలు. గంటకి 12 నిమిషాలు మించకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది. ఆ సాయంత్రం గడియారం పెట్టుకుని చూస్తే ఒక గంటలో పద్దెనిమిది తేలాయి. టీచరు బుద్ధి, ఎక్కడికి పోతుంది.

వార్తా చానళ్లకి ఒక్క మాట. మీరు కనీసం చర్చి దాకా వస్తారు, అందుకు సంతోషం. కాకపోతే పూజ జరుగుతుంటే వెనకాల శబ్దం తగ్గించి, ముందు మీ రిపోర్టరు ‘భక్తిశ్రద్ధలతో’ అని మూడు వాక్యాలు చెప్పి వెళ్లిపోతారు. ఆ మూడు వాక్యాలు లేకపోయినా మేం ఏమీ అనుకోం. పాట వినపడనివ్వండి చాలు.

ఇంతకీ మీరు ఏం చూపించవచ్చో చెప్పకుండా తిట్టడం బాగుండదు.

మా ఊళ్లో పండగ డిసెంబరు ఇరవై ఐదున మొదలవదు. నెల మొదట్లోనే డాబాల మీద నక్షత్రాలు లేస్తాయి. ఇప్పుడు షాపుల్లో రెడీమేడ్ కొంటున్నారు గానీ, మా చిన్నప్పుడు వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు పెట్టి నాన్నగారే చేసేవారు. ఇప్పటికీ అలా చేసే పెద్దాయనలు ఒకరిద్దరు మా చుట్టుపక్కల ఉన్నారు. డిసెంబరు 8న రాస్ హిల్ మీద మరియమాత పండగ. హార్బరు పక్కన మూడు కొండలు, ఒకదాని మీద మరియమ్మ గుడి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి. మీ సినిమావాళ్లు డ్రోను ఒక్కసారి లేపితే మూడూ ఒకే షాట్‌లో పడతాయి. మత సామరస్యం మీద స్క్రిప్టు రాయించుకోనక్కర్లేదు.

ఆ వారంలోనే అమ్మ ఒక వెడల్పాటి పళ్లెంలో మట్టి పోసి రాగులు చల్లేది. పండగనాటికి జానెడు మొలకలు. బాలయేసు పుట్టుక చూపించడానికి ఇంట్లో పెట్టే బొమ్మల పశువుల పాక చుట్టూ అదే మా బెత్లెహేము పచ్చిక. దర్జీ దగ్గర కొత్త బట్టల కోసం టెన్షన్, గవ్వలు ఒత్తడానికి వీధిలో ఆడవాళ్లందరూ ఒకరింటికి ఒకరు వెళ్లడం, పాకం ముదిరిందా లేదా అని తగవులు. రాత్రిళ్లు క్యారల్స్ బృందం. డ్రమ్ములతో, గిటార్లతో, ముందు క్రిస్మస్ తాత వేషం. ఆ తాత వేషం వేసే కుర్రాడికి ఆ రబ్బరు ముఖం వెనకాల కారే చెమట మీద ఒక పావుగంట డాక్యుమెంటరీ తీయవచ్చు, నిజంగానే అంటున్నాను. వాల్తేరు రైల్వే క్వార్టర్స్ వైపు ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో ప్లమ్ కేకు పండగకి ఎన్నో రోజుల ముందే కిస్‌మిస్ నానబెట్టడంతో మొదలవుతుంది. ఇరవై నాలుగు రాత్రి సెయింట్ పీటర్స్ కేథడ్రల్‌లో బాలయేసు స్వరూపాన్ని పాకలో పెట్టగానే గంటలు మోగుతాయి. ఆ గంటలు మా గదిలోకి వినపడతాయి. ఇప్పుడు అమ్మకి మిగిలిన పండగ అదొక్కటే.

తెల్లారాక పళ్లేల ప్రయాణం. గవ్వలు, గులాబీ పువ్వుల పిండివంట, కేకు ముక్క, మీద ఊలుతో అల్లిన గుడ్డ. ఎదురింటి అప్పారావు గారింటికి, మూల ఇంటి బీబమ్మ గారింటికి. (పేర్లు మార్చాను.) ఆ పళ్లెం ఖాళీగా తిరిగి రాదు. సంక్రాంతికి అరిసెలతో వస్తుంది, రంజాన్‌కి సేమ్యాతో వస్తుంది. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో ఒక స్టీలు పళ్లెం ఇలాగే తిరుగుతోంది. అది అసలు ఎవరిదో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

ఇంకొక పెద్ద సంగతి, పాటలు.

మా అమ్మ పుట్టింది బాప్టిస్టు (ప్రొటెస్టెంటు) ఇంట్లో, మెట్టింది ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) ఇంట్లో. అందుకని మా ఇంట్లో జపమాల పక్కనే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ఉంటుంది. ఆ పుస్తకం మీలో ఎంతమంది తెరిచి చూశారో తెలియదు. చాలా పాటల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి, త్యాగరాజ కీర్తనలకి ఉన్నట్టే. వాటిలో ఎన్నో రాసినవారు పురుషోత్తమ చౌదరి గారు. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బెంగాలీ కుటుంబంలో పుట్టి, తెలుగులో పదాలు కట్టి, ఈ శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో తిరిగి పాడి, 1890లో పోయారు. ఆయన కీర్తనలు ఇప్పటికీ చర్చిల్లో పాడుతున్నారు. శాస్త్రీయ సంగీతం వచ్చిన నలుగురు పిల్లల్ని, ఒక హార్మోనియం, ఒక మృదంగం, ఒక వయొలిన్ పెట్టి అరగంట కచేరీ చేయించండి. ఇది నాకు తోచిన గొప్ప ఐడియా ఏమీ కాదు, ఏ పాటల పోటీ నడిపే చానలుకైనా చేతిలో ఉన్న పని.

అన్నట్టు, 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రేంజెస్ దిగింది మా ఊళ్లోనే. ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన పండితుడి సాయంతో బైబిలులోని సువార్తలు తెలుగు చేయడం మొదలుపెట్టారు. అచ్చయిన పుస్తకం చూడకుండానే 1810లో డెస్‌గ్రేంజెస్ కన్నుమూశాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. సత్రంలో చోటు దొరక్క పసిబిడ్డని పశువుల తొట్టిలో పడుకోబెట్టిన కథ ఉన్నది లూకాలో. అది ఈ సముద్రం ఒడ్డున కూర్చుని తెలుగు చేశారంటే, దాని మీద ఒక్క గంట కార్యక్రమం కూడా ఏ క్రిస్మస్‌కీ నా కంట పడలేదు. జాషువా గారి ‘క్రీస్తు చరిత్ర’కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పద్యం బాగా పాడే రంగస్థల నటులు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లలో ఒకరిని కూర్చోబెట్టి పది పద్యాలు పాడించండి. మెదక్ చర్చిని ప్రతిష్ఠించింది 1924లో, సరిగ్గా డిసెంబరు 25న. కరువు రోజుల్లో పని కల్పించి, కూలికి బదులు తిండి పెట్టి కట్టించిన చర్చి అది. ఇన్ని కథలు వాకిట్లో పెట్టుకుని మనం పత్తి మీద బెలూన్లు పగలగొట్టుకుంటున్నాం.

మీ జవాబు నాకు తెలుసు. రేటింగులు. క్రైస్తవులు ఎలాగూ ఆ టైములో చర్చిలో ఉంటారు, మిగతావాళ్లకి పాటలూ ప్రార్థనలూ ఎక్కవు, సెలవు రోజు కాబట్టి సరదాగా ఉండాలి అంటారు. చర్చిలో ఉన్నవాళ్లు టీవీ చూడరు, నిజమే. చూసేది వెళ్లలేనివాళ్లు. మంచాన ఉన్న ముసలివాళ్లు, ఆసుపత్రి వార్డుల్లో ఉన్నవాళ్లు, వాళ్లని చూసుకుంటూ డ్యూటీలో ఉన్న నర్సులు, బాలింతలు. వాళ్లకి మీరు చూపించేదే పండగ. ఇక మిగతావాళ్ల సంగతంటారా, సంక్రాంతికి మీరేం చేస్తారు? కోనసీమ పోతారు. గంగిరెద్దుల్నీ, హరిదాసునీ, భోగిమంటనీ, అరిసెలు వత్తే బామ్మనీ చూపిస్తారు. మేం క్రైస్తవులమే, కదలకుండా కూర్చుని చూస్తాం, బాగుంటుంది కనుక. ఆ బామ్మని చూపించడం వచ్చిన కెమెరాకి గవ్వలు ఒత్తే మా బామ్మని చూపించడం రాదా?

ఖర్చు అంటే ఒక లెక్క చెబుతాను. 2022 నవంబరులో కేంద్రం ఇచ్చిన అప్‌లింకింగ్, డౌన్‌లింకింగ్ (ఉపగ్రహ ప్రసారాల) మార్గదర్శకాల ప్రకారం చానళ్లు రోజుకి అరగంట, అంటే నెలకి పదిహేను గంటలు ప్రజాహిత కార్యక్రమాలు వేయాలి. అందులో చెప్పిన ఎనిమిది అంశాల్లో సాంస్కృతిక వారసత్వం ఉంది, జాతీయ సమైక్యత ఉంది. నేను పైన చెప్పినవన్నీ ఆ రెండు మాటల్లోకి ఇమిడిపోతాయి. డిసెంబరు కోటా అరగంటలు కొన్ని ఇక్కడ ఖర్చు పెట్టండి.

మా మేనల్లుడు ఇంగ్లండులో ఉన్నాడు. అక్కడా పండగపూట టీవీలో పాత సినిమాలే తిప్పుతున్నారని జనం సణుగుతారట. కానీ కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ ప్రార్థనాలయంలో క్రిస్మస్ ముందురోజు జరిగే పాటల ఆరాధనని 1928 నుంచి బీబీసీ రేడియో ప్రసారం చేస్తోంది. ఆ చోటు మారలేదు, పద్ధతీ పెద్దగా మారలేదు. తొమ్మిది బైబిలు భాగాలు చదువుతారు, మధ్యలో పాటలు. మొదటి పాట మొదటి చరణం ఒక్క పిల్లవాడు వాయిద్యం లేకుండా పాడతాడు. ఎవరు పాడాలో ఆఖరి క్షణం దాకా చెప్పరట, పిల్లలు ముందే బెదిరిపోకుండా. నిరుడు మేనల్లుడు ఫోనులో అది వినిపిస్తే అమ్మకి ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా కళ్లు మూసుకుని చివరిదాకా వింది. సెట్టు లేదు, హీరో లేడు, యాంకరు కూడా లేడు.

దూరదర్శన్ వారికి విడిగా చెప్పాలి. మీకు రేటింగుల సాకు లేదు. భద్రాచలం కల్యాణాన్ని ఏళ్ల తరబడి ఇంటింటికీ చేర్చిన సంస్థ మీది. పెళ్లి మంత్రాలకి అడ్డం రాకుండా, అర్థం చెబుతూ, ఎక్కడ ఆగాలో తెలిసి వ్యాఖ్యానం చేసే మనుషులు మీ దగ్గర ఉండేవారు. అదే మర్యాదతో ఒక క్రిస్మస్ రాత్రి ఆరాధన ఇవ్వండి. ఒక ఏడు విశాఖ, ఒక ఏడు గుంటూరు, ఒక ఏడు ఏజెన్సీలో రేకుల కప్పు కింద నలభై మంది పాడుకునే చిన్న సంఘం. మీ అన్నగారు ఆకాశవాణి విశాఖ కేంద్రం 1963 నుంచి ఇక్కడే ఉన్నారు. పాటగాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో అడిగితే వాళ్లే చెబుతారు. మా అమ్మ కూడా ఒకప్పుడు చర్చి బృందంతో ఆ స్టూడియోలో పాడి వచ్చింది. ఆ రోజు కట్టుకున్న నీలం చీర ఇంకా పెట్టెలో ఉంది.

ఈ డిసెంబరుకి ఎవరైనా వస్తారేమోనని కొన్ని ఏర్పాట్లు చేసి ఉంచాను. కెమెరా స్టాండు వేసుకోవడానికి పక్కవాళ్ల మేడ అడిగాను, సరేనన్నారు. అక్కడినుంచి చర్చి గంట గోపురం, వీధిలో నక్షత్రాలన్నీ కనిపిస్తాయి. కరెంటు మా ఇంటినుంచి లాక్కోవచ్చు. మీ యూనిట్ పదిమంది దాకా అయితే భోజనం మాదే, అంతకంటే ఎక్కువైతే గవ్వలతో సరిపెట్టుకోవాలి. రాగులు డిసెంబరు రెండో వారంలో చల్లుతాం, మొలక తీయాలంటే అప్పుడు రావాలి.

అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించాను. అంతా విని ఒకే ఒక్క షరతు పెట్టింది. వచ్చే యాంకరమ్మని ఆ ఎర్ర టోపీ మాత్రం తీసేసి రమ్మంది.

ఇట్లు,
జ్ఞానాపురం నుంచి ఒక ప్రేక్షకురాలు